ముక్కు పిండేవాడొకడు, ముక్కుతో కట్టేవాడొకడు

విశాఖ ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షలకు ఇంగ్లీషు చెప్పి బతికేవాళ్లలో నేనొకడిని. ప్రిలిమ్స్ నెల రోజులుందనగా పిల్లలు వచ్చి జాతీయాల జాబితా అడుగుతారు. ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క తెలుగు, మధ్యలో గీత. బట్టీ పట్టడానికి అంతకంటే సులువు లేదు. నేనూ ఏళ్ల తరబడి అలాంటి కాగితాలే జిరాక్స్ తీయించి పంచాను. డబ్బు గురించిన జాతీయాల దగ్గరికొచ్చేసరికి ఆ అలవాటు మానేశాను. మానిపించింది ఒక ముక్కు.

'పే త్రూ ది నోస్' అన్న మాటకు ఒకమ్మాయి 'ముక్కుపిండి వసూలు చేయడం' అని రాసింది. చూడగానే టిక్కు పెట్టేశాను. అక్కడా ముక్కే, ఇక్కడా ముక్కే, మధ్యలో డబ్బు. ఇంకేం కావాలి? ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా నడిచి బస్సెక్కి, సీటు దొరికాక గాని తట్టలేదు, రెండూ ఒకటి కాదని. ముక్కుపిండేవాడు అప్పిచ్చినవాడు. తనకు న్యాయంగా రావాల్సిందే రాబడుతున్నాడు, మొండికేసింది అవతలివాడు. ఇంగ్లీషు ముక్కు డబ్బు కట్టేవాడిది. వస్తువు విలువకు మించి కట్టి, కట్టలేక కట్టి ఏడుస్తున్నాడు. డిసెంబరు సెలవుల్లో బీచ్ ఎదుట హోటల్ గదికి మామూలు రేటుకు మూడింతలు పోస్తే అది 'పే త్రూ ది నోస్'. ఆర్నెల్లుగా అద్దె ఎగ్గొట్టిన కుర్రాళ్ల దగ్గర ఇంటి ఓనరు పైసలతో సహా రాబట్టుకుంటే అది ముక్కుపిండడం. మర్నాడు ఆ అమ్మాయి దగ్గర ఇచ్చిన మార్కు వెనక్కి తీసుకున్నాను. అది కూడా ముక్కుపిండే.

అప్పట్నుంచీ ఏ జాతీయం వచ్చినా రెండు ప్రశ్నలు వేయిస్తున్నాను. ఈ మాట ఎవరి వైపు నుంచి పలుకుతోంది, ఇచ్చేవాడి వైపు నుంచా, పుచ్చుకునేవాడి వైపు నుంచా? మాట వెనక ఉన్న వస్తువేమిటి: నాణెమా, పశువా, బల్లా, ఓడా? ఈ రెండూ తేలితే అర్థం తనంతట తనే వచ్చి కూర్చుంటుంది.

వస్తువు వెతకమన్నాను కదా అని కనబడిన కథనల్లా నమ్మితే మాత్రం మోసపోతాం. ముక్కు సంగతే చూడండి. తొమ్మిదో శతాబ్దంలో ఐర్లండును ఆక్రమించిన డేన్‌లు పన్ను కట్టనివాళ్ల ముక్కులు చీల్చేవారనీ, ఈ జాతీయం అక్కడే పుట్టిందనీ ఒక కథ బాగా తిరుగుతుంది. కానీ ఇంగ్లీషు రాతల్లో ఈ మాట కనబడేది 17వ శతాబ్దంలో. మధ్యలో ఎనిమిది వందల ఏళ్లు ఆ ముక్కు ఎక్కడ దాక్కుంది? 'శాలరీ' కథా ఇంతే. లాటిన్ 'సలారియుమ్' నుంచి వచ్చింది, దానికీ ఉప్పుకీ చుట్టరికం ఉంది, అంతవరకు నిజం. రోమన్ సైనికులకు జీతం బదులు ఉప్పు కొలిచి ఇచ్చేవారన్న దానికి మాత్రం పాత ఆధారం ఒక్కటీ లేదు. మనకు 'ఉప్పు తిన్నవాడు' అన్న మాట ఉంది గనక ఆ కథ ఇట్టే నచ్చేస్తుంది. కథ అందంగా ఉండటం వేరు, సాక్ష్యం వేరు.

ఒకేలా కనబడుతూ కొంప ముంచే మాటలు ఇంకా ఉన్నాయి. 'జేబుకు చిల్లు పడింది' అని మనం అంటే ఖర్చు తడిసి మోపెడైందని. ఇంగ్లీషులో డబ్బు జేబుకు చిల్లు కాలుస్తుంది. అంటే ఉన్న డబ్బు ఊరుకోనివ్వదు, ఖర్చుపెట్టేదాకా చెయ్యి దురద. మన చిల్లు ఖర్చయ్యాక పడేది, వాళ్లది ఖర్చుకు ముందు రాజుకునేది. ఒకటో తారీకు జీతం పడగానే జగదాంబ జంక్షన్‌లో దిగే కుర్రాడి జేబులో ఉన్నది ఇంగ్లీషు చిల్లు, పదో తారీకుకి తేలేది తెలుగు చిల్లు.

'బెగ్గర్స్ కాంట్ బి చూజర్స్' అన్నదానికి మన పుస్తకాల్లో ఎదురుగా ఏదేదో రాస్తారు గాని, దాని పక్కన పెట్టి చూడాల్సింది 'అడుక్కుతినేవాడికి అరవై ఊళ్లు'. ఇంగ్లీషు సామెత అడిగేవాడి నోరు మూయిస్తుంది, వేసింది తినమంటుంది. మన సామెత వాడికి ఊళ్లకు ఊళ్లు రాసిచ్చేస్తుంది. ఈ ఇల్లు కాకపోతే ఆ ఇల్లు, ఈ ఊరు కాకపోతే ఆ ఊరు. ఒకే మనిషిని చూసి రెండు భాషలు తేల్చిన తీర్పులివి. వీటికి మధ్యలో గీత గీసి సమానం అంటే ఎలా?

కలిసేచోట మాత్రం ఎంత బాగా కలుస్తాయంటే, ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారేమో అనిపిస్తుంది. డబ్బు నీళ్లలా ఖర్చవడం అక్కడా ఇక్కడా ఉంది. మనం అప్పుల్లో పీకల్లోతు మునుగుతాం, వాళ్లు చెవుల దాకా మునుగుతారు. లంచానికి మనం చెయ్యి తడుపుతాం, వాళ్లు అరచేతికి జిడ్డు రాస్తారు. ఎత్తు బంగారం తూగుతాడని వాళ్లు మాటవరసకు అంటారు, మనవాళ్లు తులాభారం వేసి చూసేవారు కూడా.

ఇప్పుడు అసలు గమ్మత్తైన దగ్గరికి వద్దాం. పేపర్లో వాణిజ్యం పేజీ చదివే పిల్లలు తరచూ అడిగే మాట 'హెయిర్‌కట్'. ఫలానా కంపెనీ దివాలా కేసులో బ్యాంకులు ఇంత శాతం హెయిర్‌కట్ తీసుకున్నాయి అని రాస్తారు. 2016లో దివాలా స్మృతి వచ్చాక ఈ మాట మరీ ఎక్కువైంది. నూరు రూపాయలు రావాల్సిన బ్యాంకు ముప్ఫైతో సరిపెట్టుకుంటే, పోయిన డెబ్బై హెయిర్‌కట్. తాకట్టు పెట్టిన బాండ్ల విలువలో కొంత కోసేసి మిగిలినదానికే అప్పివ్వడాన్ని కూడా ఇదే పేరుతో పిలుస్తారు. ఇది విని పిల్లలు తలలు గోక్కుంటారు, జుట్టుకీ అప్పుకీ ఏం సంబంధమని. నాకు ఆశ్చర్యం వేసేది వాళ్లు గోక్కోవడం చూసే. ఇంట్లో వాళ్ల నాన్న ఏ బేరంలోనో మోసపోయి వచ్చి 'ఇవాళ బాగా క్షవరం అయిందిరా' అనడం వాళ్లు వినలేదా? 'క్షవరమైతే గాని వివరం తెలీదు' అన్న సామెత వినలేదా? ముంబైలో బ్యాంకుల ఛైర్మన్లు ఇంగ్లీషులో చేయించుకుంటున్నది మనవాళ్లు తెలుగులో ఎప్పట్నుంచో చేయించుకుంటున్నదే.

ఇక్కడ కూడా వైపు చూసుకోవాలి. బ్యాంకు హెయిర్‌కట్ ఒప్పందం మీద సంతకాలు పెట్టి, తెలిసి చేయించుకునేది. మన క్షవరం అయిపోయాకే తెలుస్తుంది, సామెత చెప్పేదే అది. దానికి సరైన ఇంగ్లీషు జోడీ 'ఫ్లీస్'. గొర్రెను పట్టుకుని ఒంటిమీది ఉన్నినంతా కత్తిరించేయడం. మనకు గొర్రెకంటే గుడి దగ్గర. అందుకే మోసపోవడానికి మన మాటలన్నీ కొండ మీద నుంచి దిగినవే: గుండు కొట్టారు, నామం పెట్టారు, శఠగోపం పెట్టారు. భక్తితో తల వంచినప్పుడు జరిగేవన్నీ నమ్మి డబ్బు పెట్టినప్పుడు కూడా జరుగుతాయని ఏ మహానుభావుడు మొదట కనిపెట్టాడో గాని, ఇంగ్లీషులో ఈ వేళాకోళానికి దీటైనది నాకు దొరకలేదు.

దివాలా తీయడం దగ్గర మరో జత ఉంది. ఇటలీలో డబ్బు మార్చే వ్యాపారులు బజారులో బల్ల వేసుకుని కూర్చునేవారు. ఆ బల్ల పేరు 'బాంకా', దాన్నుంచే బ్యాంకు. 'బాంకా రొట్టా' అంటే విరిగిన బల్ల, అదే ఇంగ్లీషులో 'బ్యాంక్రప్ట్' అయింది. అప్పు తీర్చలేనివాడి బల్లను నిజంగానే జనం విరగ్గొట్టేవారా, లేక అది మాటవరసకేనా అన్నది పక్కన పెట్టండి. మన దగ్గర బల్ల విరగదు, బోర్డు తిరుగుతుంది. 'బోర్డు తిప్పేశాడు' అంటే విశాఖలో వివరించక్కర్లేదు. మా నాన్న ఒక చిట్టీల కంపెనీలో నెలనెలా కట్టాడు. అక్క పెళ్లికి పాడుకుందామని ఒక సోమవారం వెళితే షట్టరు దించి ఉంది, పైన బోర్డు కూడా లేదు. ఇంటికొచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం అమ్మతో అన్న మాట ఒక్కటే, 'తిప్పేశాడు'. కర్మ లేదు, క్రియ ఒక్కటే, అయినా అమ్మకు అర్థమైపోయింది.

అదే మనిషి కోర్టుకు వెళ్లి 'నా దగ్గర ఏమీ లేదు బాబూ' అంటే అది 'ఐపీ పెట్టడం'. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అన్న రెండు పెద్ద మాటల్ని రెండక్షరాలకు కుదించి, పక్కన తెలుగు క్రియ తగిలించి, మనవాళ్లు సొంత జాతీయం చేసుకున్నారు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం చదవనివాళ్లు కూడా పూర్ణా మార్కెట్లో ఈ మాట వాడతారు. ఇంగ్లీషు మాటే, కానీ ఇంగ్లీషువాడికి అర్థం కాదు. ఇంటర్వ్యూలో 'మై అంకుల్ పుట్ ఐపీ' అన్నవాడి గతి ఊహించుకోండి. అవతలి ఆయన ఏ కంప్యూటరు అడ్రసో అనుకుని ఉంటాడు.

చచ్చిపోయిన నాణేల సంగతి కొంచెం త్వరగా చెప్పుకుందాం. 'పెన్నీ వైజ్, పౌండ్ ఫూలిష్' అంటే చిల్లర దగ్గర పీనాసితనం, పెద్ద మొత్తాల దగ్గర తెలివితక్కువతనం. ఆటోవాడితో పది రూపాయలకు గొడవపడి, అనవసరమైన ఫోనుకు వాయిదాలు కట్టడం. ఈ మాటకు బలం ఎక్కడుందో తెలియాలంటే పాత లెక్క తెలియాలి. 1971 ఫిబ్రవరి 15 దాకా పౌండుకు నూరు పెన్నీలు కాదు, 240. షిల్లింగుకు 12 పెన్నీలు, పౌండుకు 20 షిల్లింగులు. మన లెక్క 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. అణా పోయి ఇన్నేళ్లయినా 'పదహారణాల తెలుగమ్మాయి' పోలేదు. నూరు శాతం తెలుగమ్మాయి అంటే అదేదో పాల ప్యాకెట్టు మీద రాసినట్టుంటుంది. దమ్మిడీని చూసినవాళ్లు మా వీధిలో లేరు, 'దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు' అన్నది మాత్రం మా ఇన్‌స్టిట్యూట్‌లో రోజూ వినబడుతుంది. 'టైమ్ ఈజ్ మనీ' అని 1748లో కుర్ర వ్యాపారులకు బుద్ధి చెప్పిన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు ఈ సామెత వినిపించి ఉంటే ఏమనేవాడో.

'చిల్లిగవ్వ లేదు' అన్నది మరీ పాతది. గవ్వలు మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చి, మనకు ఎగువన ఒడిశా, బెంగాల్ దాకా డబ్బుగా చెల్లాయి. గవ్వల చెల్లుబాటు పోయి శిస్తు వెండి రూపాయల్లో కట్టాల్సి రావడం ఒడిశాలో జరిగిన 1817 పైకా తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఒకటి. ఆర్కే బీచ్‌లో గవ్వల దండలు బేరమాడేటప్పుడు ఈ సంగతి గుర్తొస్తే బేరం సాగదు.

ఇంతవరకూ ఇంగ్లీషు వేరు, మనం వేరు అన్నట్టు మాట్లాడాను. నిజానికి వాళ్ల డబ్బు మాటల్లో కొన్ని మన గడ్డ మీదే మొలిచాయి. 'డబ్బులేమైనా చెట్లకు కాస్తున్నాయా' అని మనం పిల్లల్ని కసురుతాం, ఇంగ్లీషు తల్లులూ అదే అంటారు. అయితే ఈస్టిండియా కంపెనీ రోజుల్లో ఇంగ్లీషువాళ్లకు డబ్బులు కాసే చెట్టు ఒకటుండేది. 'షేకింగ్ ది పగోడా ట్రీ', పగోడా చెట్టును ఊపడం అనేవారు. ఇండియాకు వెళ్లి, నాలుగేళ్లు ఊపి, రాలింది ఏరుకుని స్వదేశంలో ఎస్టేటు కొనుక్కోవడం. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఆ మాట ఉంది. పగోడా అంటే గుడి అనుకుని, గుళ్లు దోచుకోవడమని మా పిల్లలు రాస్తారు. ఇక్కడ పగోడా నాణెం, దక్షిణాదిన చెల్లిన చిన్న బంగారు నాణెం. దానికి మన పేరు వరహా. మద్రాసు లెక్కలో ఒక పగోడాకు 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు. 1818లో మద్రాసు రాజధానిలో రూపాయి దాని స్థానంలోకి వచ్చేదాకా కంపెనీ లెక్కలు దాంట్లోనే నడిచాయి.

వరహా పేరు నాణెం మీది వరాహం ముద్ర నుంచి వచ్చింది. మనూరి కొండ మీదున్నదీ వరాహ లక్ష్మీనృసింహుడే. 17వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో వర్తక కోఠీ పెట్టుకున్న కంపెనీ గుమస్తాలు ఒక పక్క సింహాచలం కొండను చూస్తూ, ఇంకో పక్క వరహాలు లెక్కపెడుతూ ఉండి ఉంటారు. వాళ్లు ఊపిన చెట్టు ఎవరి పెరట్లోదో ఆ జాతీయంలో ఉండదు. రాలే కాయల గొప్పే ఉంటుంది. ఇందాక వైపు చూడమన్నది ఇందుకే. చెట్టు వైపు నుంచి చెబితే ఆ మాట పేరు 'లూట్', అది కూడా మన దేశం నుంచే ఇంగ్లీషులోకి ఎక్కింది.

'క్యాష్' సంగతి ఇంకా తమాషా. ఇంగ్లీషులో రెండు 'క్యాష్'లున్నాయి. నగదు అన్న అర్థంలోది డబ్బుపెట్టెకు ఇటలీ, ఫ్రాన్సుల్లో ఉన్న పేరు నుంచి వచ్చింది. చిల్లర నాణెం అన్న అర్థంలోది తమిళ 'కాసు', పోర్చుగీసువాళ్ల నోట్లో పడి ఇంగ్లీషుకు చేరింది. పుట్టుకకు ఏ సంబంధమూ లేని రెండు మాటలు చివరికి ఒకే స్పెల్లింగులో సర్దుకున్నాయి. మన కాసు మాత్రం రాగి వదిలి బంగారానికి ఎగబాకింది. కురుపాం మార్కెట్లో ఇప్పుడు కాసంటే ఎనిమిది గ్రాములు. ఆ ఎనిమిది గ్రాములు బ్రిటిష్ సావరిన్ నాణెం బరువుకు దగ్గర, సవర అన్న మాట ఆ సావరినే. ఎవరి మాట ఎవరిదో విడదీయబోతే అమ్మవారి మెడలో కాసులపేరు చిక్కుపడ్డట్టే.

పశువుల దగ్గర నాకంటే పిల్లలే ముందున్నారు. 'క్యాపిటల్', 'క్యాటిల్' తోబుట్టువులని చెబుతున్నాను. రెండూ లాటిన్‌లో 'తల' అన్న మాట నుంచి వచ్చినవే. ఆస్తి మొత్తాన్ని 'క్యాటిల్' అనే రోజులుండేవి, పోనుపోను అది పశువులకే మిగిలింది. 'పెక్యూనియరీ' వెనక ఉన్న లాటిన్ మాట కూడా పశువే. ఇదంతా బోర్డు మీద రాసి గొప్పగా తిరిగి చూస్తే, పాలకొండ వైపు నుంచి వచ్చిన కుర్రాడు లేచాడు. 'ఇందులో కొత్తేటి సార్, మా ఊళ్లో సొమ్ములంటే ఆవులూ గేదెలే కదా. సొమ్ములు తోలుకెళ్లడం అంటాం.' నిజమే. విశాఖ టౌన్లో సొమ్ము బీరువాలో ఉంటుంది, శ్రీకాకుళం పల్లెలో సాలలో ఉంటుంది. లాటిన్ దాకా వెళ్లి నేను తవ్వి తెచ్చింది వాడు ఇంటి దగ్గర కట్టేసి వచ్చాడు.

ఓడ మాట చెప్పకుండా ఈ ఊళ్లో ఈ వ్యాసం ముగించలేను. 'వెన్ మై షిప్ కమ్స్ ఇన్', నా ఓడ వచ్చినప్పుడు, అంటే నాకు డబ్బు చేతికందినప్పుడు. సరుకు నింపి సముద్రం మీదికి పంపి, అది తిరిగొచ్చేదాకా అప్పులవాళ్లను ఆపుకునే వర్తకుడి మాట అది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అన్న ఓడ మన రేవులోకి వచ్చినప్పట్నుంచీ ఈ ఊళ్లో చాలా ఇళ్ల పొయ్యి నిజంగానే ఓడ వస్తే వెలుగుతోంది. మర్చంట్ నేవీలో ఉన్నవాడి తల్లిని అడగండి, 'ఓడ ఎప్పుడొస్తుందో' అన్నది ఆమెకు జాతీయం కాదు, తారీకు. అయినా తెలుగు ఓడ మీద అంత ఆశ పెట్టుకోలేదు. 'ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి' అంది. ఇంగ్లీషు ఓడ రావడానికే పుట్టింది, మన ఓడ ఎప్పుడు బండై ఒడ్డున తేలుతుందో తెలీదు. ఓడల్లో వచ్చి భీమిలిలో సమాధులు కట్టించుకున్న డచ్చివాళ్లను కూడా ఇంగ్లీషు వదల్లేదు. ఎవరి కాఫీ డబ్బులు వాళ్లు కట్టుకుంటే 'గోయింగ్ డచ్'. ఇంగ్లండుకు 17వ శతాబ్దంలో హాలెండుతో యుద్ధాలు, సముద్ర వ్యాపారంలో పోటీ. అప్పట్నుంచీ డచ్ పేరు తగిలించి వెక్కిరించడం అలవాటు. ఈ 'డచ్ ట్రీట్' మాట మాత్రం 19వ శతాబ్దపు అమెరికాలో మొదలైంది. యూపీఐ వచ్చాక మా పిల్లలంతా డచ్చివాళ్లే.

ఒక్క తప్పు మాత్రం పరీక్షలో వచ్చినా రాకపోయినా దిద్దుతాను. 'మనీ ఈజ్ ది రూట్ ఆఫ్ ఆల్ ఈవిల్' అని బైబిల్లో ఉందంటారు. లేదు. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో డబ్బు మీది ప్రేమ అని ఉంటుంది. తెలుగు బైబిలు చదివే పిల్లలు ఈ తప్పు చెయ్యరు, ఎందుకంటే అక్కడ 'ధనాపేక్ష సమస్తమైన కీడులకు మూలము' అని స్పష్టంగా ఉంది. ఆ అపేక్ష ఊడిపోతే వాక్యం 'ధనమూలమిదం జగత్' పక్కన నిలబడి దానితో తగువు పెట్టుకుంటుంది. ఊడకుండా ఉంటే రెండింటికీ పేచీ లేదు.

పోయిన వారం ఆట తిప్పాను. తెలుగు నేనిస్తాను, ఇంగ్లీషు మీరు చెయ్యండన్నాను. 'అసలు కంటే వడ్డీ ముద్దు' ఇచ్చాను. కొడుకు కంటే మనవడి మీద మమకారం ఎక్కువన్న సంగతిని అప్పుల చిట్టాలోంచి తీసిన మాట, ఇంగ్లీషులో దీనికి జోడీ లేదు. వెనక బెంచీ అబ్బాయి 'ఇంట్రస్ట్ ఈజ్ క్యూటర్ దేన్ ది ప్రిన్సిపల్' అని రాసి తెచ్చాడు. వ్యాకరణం సరిగ్గానే ఉంది. గట్టిగా చదివాను. సరిగ్గా అప్పుడే ఫీజు బకాయిల జాబితా పట్టుకుని మా ప్రిన్సిపల్ గారు గుమ్మంలో నిలబడ్డారు.